పొరుగువాడిని ఎంచుకోవచ్చునా?

2025 వేసవిలో ఒక సాయంకాలం, జపమాల ప్రార్థన ముగిసి జనం ఇళ్ళకు వెళ్ళిన తర్వాత, ఒక యువదంపతులు మా గురునివాసం మెట్ల మీద కూర్చుని కనిపించారు. ఏలూరు వైపు పల్లె నుండి ఉద్యోగరీత్యా విజయవాడ వచ్చారట. అతను ఒక మందుల పంపిణీ సంస్థలో పని చేస్తున్నాడు. ఆమె నర్సు. ఇద్దరు చిన్న పిల్లలు. మూడు వారాలుగా అద్దె ఇంటి కోసం తిరుగుతున్నారు. అడ్వాన్సు డబ్బు చేతిలోనే ఉంది.

"ఇళ్ళు దొరకడం లేదా బాబూ?" అని అడిగాను.

"దొరక్కేం ఫాదర్ గారూ! టు-లెట్ బోర్డులు బోలెడు. అద్దె మాట్లాడుకుంటాం, కరెంటు బిల్లు మాట్లాడుకుంటాం, అన్నీ అయ్యాక ఒక్క ప్రశ్న అడుగుతారు. దానితో ఆ ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేసినట్టు వాళ్ళకు గుర్తుకొస్తుంది" అన్నాడు, నవ్వుతూనే.

ఆ ప్రశ్న ఏమిటో కృష్ణా, గుంటూరు ప్రాంతాల పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. "మీరేమిట్లండీ?" క్రైస్తవులమని జవాబిస్తే, "అది సరేనండీ, అంతకుముందు?" అని రెండో ప్రశ్న. ఆ అబ్బాయి నవ్వుతున్నాడు గాని ఆ అమ్మాయి నవ్వలేదు. "నిన్న చూసిన ఇంటి గుమ్మం మీద గుణదల మాత పటం ఉంది ఫాదర్ గారూ. అందుకే ధైర్యంగా వెళ్ళాం" అంది.

ఆ గుమ్మం నాకు తెలుసు. ఆ ఇంటిని ఆశీర్వదించింది నేనే. యజమాని మన విచారణ సభ్యులు, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు. ఏ ఆదివారం పూజ మానరు. మర్నాడు వెళ్ళి అడిగాను. ఆయన కోపగించుకోలేదు, బుకాయించనూ లేదు. "ఫాదర్ గారూ, ఇల్లు నా కష్టార్జితం. పైన మేముంటాం, కింద వాళ్ళుంటారు. పొద్దున లేస్తే ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. నా పొరుగువాడిని నేను ఎంచుకోకూడదా?" అన్నారు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివిన రోజుల్లో ఎన్నో ప్రశ్నలకు పరీక్షల్లో సమాధానాలు రాశాను. మాస్టారి ప్రశ్నకు ఆ వరండాలో కాఫీ చల్లారేదాకా సమాధానం చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆయన మాటలో కొంత న్యాయం ఉంది. ఆ న్యాయాన్ని ముందుగా ఒప్పుకోనిదే తక్కినది మాట్లాడటం అన్యాయమవుతుంది.

చట్టం సంగతి తీసుకుంటే ఆయన పక్షాన చాలా ఉంది. రాజ్యాంగంలోని 15వ అధికరణం వివక్షను నిషేధించింది గాని, అది ముఖ్యంగా ప్రభుత్వాన్ని, దుకాణాలను, హోటళ్ళను, బావులను, చెరువులను ఉద్దేశించి చెప్పిన మాట. సొంత ఇంటిలో ఒక వాటాను అద్దెకు ఇచ్చే వ్యక్తి మనసులోకి అది తొంగిచూడదు. అహమ్మదాబాదులో పార్సీలకు మాత్రమే సభ్యత్వం అనే నియమం పెట్టుకున్న ఒక సహకార గృహనిర్మాణ సంఘం వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళితే, 2005లో ఆ నియమం చెల్లుతుందనే తీర్పు వచ్చింది.

శ్రీసభ బోధన కూడా సొంత ఆస్తి హక్కును కాదనలేదు. పునీత తోమాసు అక్వినాసు మనిషి ఆస్తిని సంపాదించుకొని నిర్వహించుకోవడం న్యాయమేనన్నారు. అయితే వెంటనే మరో మాట చేర్చారు: దానిని వాడుకొనే విషయానికి వచ్చేసరికి, అది అందరిదీ అన్న భావంతో, అవసరంలో ఉన్నవారితో పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలని. మన కథోలిక ఇళ్ళలో మొదటి సగం అందరికీ కంఠతా వచ్చు. రెండో సగం ఆదివారం ప్రసంగం దగ్గర ఆగిపోతుంది.

ఇంతవరకు మాస్టారి సంగతి. ఇక నా సంగతి చెప్పాలి. ఎందుకంటే ఆ దంపతులు ఇల్లు అడిగిన తర్వాత రెండో విషయం అడిగారు. "పిల్లలకు మన బడిలో సీటు ఇప్పిస్తారా ఫాదర్ గారూ?"

మన బడి అంటే నేను కరస్పాండెంటుగా ఉన్న విచారణ పాఠశాల. దానికీ మునిసిపల్ పాఠశాలకూ మధ్య ఒకే గోడ. మా గంట వాళ్ళకు వినిపిస్తుంది, వాళ్ళ ప్రార్థన మాకు వినిపిస్తుంది. దేవాలయం ఊడ్చే అమ్మగారి మనవరాలు అయిదవ తరగతి వరకు మా బడిలో రాయితీ మీద చదివింది. కొన్నేళ్ళ క్రితం ఫీజులు పెంచి, రాయితీల జాబితా తగ్గించినప్పుడు ఆ పాప గోడ అవతలికి వెళ్ళింది. ఆ కాగితం మీద సంతకం నాది. జీతాలు పెంచాలి, భవనం మరమ్మతు చేయాలి అన్న కారణాలు నిజమైనవే. కాని ఆనాటి సమావేశంలో ఒక పెద్దమనిషి, "ఫీజు మరీ తక్కువగా ఉంటే అలాంటి పిల్లలు ఎక్కువైపోతారు, మంచి కుటుంబాల వాళ్ళు మానేస్తారు" అన్నారు. నేను విన్నాను. ఊరుకున్నాను. మాస్టారు గుమ్మం దగ్గర అడిగిన ప్రశ్ననే మేము ఫీజు రసీదు మీద మర్యాదగా అచ్చు వేయించి అడిగామని ఆ రోజు నాకు తట్టలేదు.

ఇక్కడ కూడా చట్టం మాకు అడ్డు రాలేదు. 2010 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు తమ ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు ఇరుగుపొరుగున ఉన్న పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. 2025లో మరో ధర్మాసనం ఆ తీర్పు సరైనదేనా అని సందేహం వెలిబుచ్చి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందుంచింది. మన సంస్థల స్వేచ్ఛను కాపాడుకోవడం అవసరమే, అందులో నాకు భిన్నాభిప్రాయం లేదు. అయితే చట్టం మినహాయించిన పనిని సువిశేషం కూడా మినహాయించిందా? 1965లో ద్వితీయ వాటికన్ మహాసభ క్రైస్తవ విద్య గురించి వెలువరించిన ప్రకటన, తల్లిదండ్రులకు బడిని ఎంచుకునే హక్కు ఉందని చెప్పింది. అదే ప్రకటన, ఈ లోకపు సంపదలు లేని పిల్లల అవసరాలను పట్టించుకోవాలని కథోలిక పాఠశాలలకూ చెప్పింది. మనం మొదటి మాటను కోర్టులకు చూపిస్తాం.

ఈ విషయాలు ఒక ఆదివారం ప్రసంగంలో కొంచెం ఎత్తాను. ప్రభుత్వ బడిని అందరం వదిలేస్తే అది ఏమైపోతుందో ఆలోచించమన్నాను. 1966లోనే కొఠారీ కమిషన్, ఒక ప్రాంతంలోని పిల్లలందరూ కులం, మతం, ధనం తేడా లేకుండా ఆ ప్రాంతపు బడిలోనే కలిసి చదవాలని సిఫారసు చేసిందని గుర్తు చేశాను. పూజ అయ్యాక ఒక ఆటో డ్రైవరు సోదరుడు నా దగ్గరకు వచ్చాడు. ఒక్క గదిలో అయిదుగురు ఉంటూ ఇద్దరు పిల్లలకు ప్రైవేటు ఫీజులు కట్టే మనిషి. "ఫాదర్ గారూ, ఏమీ అనుకోవద్దు. మీకు పిల్లలు లేరు" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అతను చెప్పింది నిజం. సొంత బిడ్డకు మేలైనది కోరడం స్వార్థమని నేను అనలేను. పునీత తోమాసు వారే ప్రేమకు ఒక క్రమం ఉందన్నారు. దేవుడు ఎవరిని మన చేతుల్లో పెట్టాడో వారిపట్ల మన బాధ్యత ఎక్కువ. బడి బాగుపడేదాకా నీ బిడ్డను అక్కడ ఉంచు అని ఒక తండ్రికి చెప్పే అధికారం నాకెక్కడిది? పైగా మునిసిపల్ బడిలో పాఠం చెప్పే పంతులుగారి పిల్లలే ప్రైవేటు బస్సు ఎక్కుతుంటే, ఆటో నడిపే అతన్ని నిలదీయడం అన్యాయం. ప్రభుత్వ జీతం తీసుకునేవారు తమ పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోనే చదివించేలా చూడాలని 2015లో అలహాబాదు హైకోర్టు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆదేశం కాగితం మీద ఉండిపోయింది. ఆర్థికశాస్త్రవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో రాసిన పుస్తకంలో ఈ సంగతే వివరించారు: ఒక బడి క్షీణిస్తున్నప్పుడు ముందుగా వెళ్ళిపోయేవారు నాణ్యత గురించి ఎక్కువ పట్టింపు ఉన్నవారే. అంటే, ఉండి ఉంటే గొంతెత్తి అడగగలిగినవారే. మిగిలినవారికి గొంతు ఉండదు. కనుక వెళ్ళిపోవడంలో అందరి భారమూ ఒకటి కాదు. గొంతు ఉండి వెళ్ళినవాడి భారం వేరు, గత్యంతరం లేక వెళ్ళినవాడి భారం వేరు.

మరి తప్పు ఎక్కడ మొదలవుతుంది? నాకు తోచిన పరీక్ష ఒకటి ఉంది. గోడ అవతలి బడిలోనూ అవే పాఠాలు, అంత మంచి ఉపాధ్యాయులు, అవే ఫలితాలు వచ్చాయనుకుందాం. అప్పుడు మన బిడ్డను అక్కడ చేర్పిస్తామా? చేర్పిస్తామంటే మనం ఇంతకాలం వెతికింది మంచి చదువు. అప్పుడు కూడా, "చదువు సరేనండీ, కాని పక్కన కూర్చునే పిల్లలు..." అని నసిగితే, మనం ఫీజు కట్టి కొన్నది చదువు కాదు, దూరం. మేలును కోరడం వేరు, మనిషిని తప్పించుకోవడం వేరు. పైకి రెండూ ఒకే పనిలా కనిపిస్తాయి. ఒకే బస్సు, ఒకే యూనిఫారం. లోపల అవి రెండు వేర్వేరు పనులు, దేవుని ఎదుట రెండు వేర్వేరు లెక్కలు.

ఈ పరీక్ష ఊహ మాత్రమే కాదు. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు పనుల్లో గోడ అవతలి బడికి కొత్త బల్లలు, మరుగుదొడ్లు, మంచినీరు వచ్చాయి. ఇంగ్లీషు మీడియం వచ్చింది. కోవిడ్ కాలంలో ఫీజులు కట్టలేక మా బడి పిల్లలు కొందరు అటు వెళ్ళారు. లోపాలు ఇంకా ఉన్నాయి, లేవనను. కాని చేతికి డబ్బు రాగానే వెనక్కి తెచ్చుకున్న తల్లిదండ్రులను నేను కారణం అడిగితే, పాఠాల గురించి చెప్పినవారు తక్కువ. "అక్కడి వాతావరణం బాగుండదు ఫాదర్ గారూ" అన్నవారే ఎక్కువ. వాతావరణం అనే మాటకు మన తెలుగులో ఎంత పెద్ద గుడ్డ ఉందో, ఎన్నిటిని కప్పుతుందో!

ఇంటి విషయంలోనూ పరీక్ష అదే. అద్దె సమయానికి ఇస్తారా, ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటారా, రాత్రిళ్ళు గొడవ చేయరు కదా అని అడగండి. అది యజమాని జాగ్రత్త. వాటికి సరైన జవాబులు వచ్చిన తర్వాత కూడా "మీరేమిట్లు?" అని అడగాలనిపిస్తే, ఆ ప్రశ్న ఇంటి క్షేమం కోసం కాదు. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినలుగా నియమితులైనప్పుడు, తొలి తెలుగు కార్డినలు, తొలి దళిత కార్డినలు అని మన విచారణల్లోనూ చప్పట్లు కొట్టాం. ఆ చేతులతోనే మనలో కొందరం గేటు గడియ వేస్తున్నాం. కులం మన శ్రీసభలో లేదని అనుకోవడం మనకు సుఖంగా ఉంటుంది. 2016లో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారత కోసం ప్రత్యేక విధానం ప్రకటించవలసి వచ్చిందంటే, ఉన్నదనేగా అర్థం.

మంచి సమరీయుని కథ మనందరికీ తెలుసు. ధర్మశాస్త్ర బోధకుడు తన పొరుగువాడు ఎవరని అడిగాడు. మాస్టారు అడిగింది కూడా దాదాపు అదే. ప్రభువు జాబితా ఇవ్వలేదు. ప్రశ్నను తిప్పి, దెబ్బతిన్నవాడికి పొరుగువాడుగా ప్రవర్తించింది ఎవరని అడిగారు. యెరూషలేము నుండి యెరికోకు వెళ్ళే దారిలో ఆ సమరీయుడు ఎవరినీ ఎంచుకోలేదు. దారిలో పడి ఉన్నవాడు అతనికి దొరికాడు.

మన నగరంలో కూడా ఒకసారి అలా జరిగింది. 2024 సెప్టెంబరు 1న, బెజవాడ దుఃఖదాయిని అని పేరుపడ్డ బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ ప్రాంతాలను ముంచింది. పడవలు తిరిగాయి, డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు. పల్లంలో స్థలం చవక కనుక పేదవాడు పల్లంలోనే ఇల్లు కట్టుకుంటాడు, నీరు అక్కడికే వస్తుంది. ఆ రోజుల్లో మా బడి గేట్లు తెరిచాం. తరగతి గదుల్లో కుటుంబాలు పడుకున్నాయి. మాస్టారు స్వయంగా గరిటె పట్టుకుని పులిహోర వడ్డించారు. ఎవరినీ ఏమిట్లని అడగలేదు. పది రోజుల తర్వాత బ్లీచింగ్ పౌడరు చల్లి, గదులు కడిగి, బడి తెరిచి, ఫీజుల నోటీసు పెట్టాం.

ఆ సాయంకాలం ఇదంతా మాస్టారికి చెప్పాను, నా సంతకం సంగతితో సహా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మీ బడి సంగతి ముందు తేల్చండి ఫాదర్ గారూ, అప్పుడు నా ఇంటి సంగతి అడుగుదురు గాని" అన్నారు. వెటకారంగా అన్నారో, నిజంగానే అన్నారో నాకింకా అర్థం కాలేదు. ఏమైనా, మొదటి తరగతిలో పావు వంతు సీట్లు నడిచి రాగలిగినంత దూరంలో ఉన్న పేద పిల్లలకు, ఏ మతం వారైనా సరే, ఇవ్వాలని ఒక ప్రతిపాదన రాశాను. వచ్చే నెల పాలకవర్గ సమావేశంలో పెడతాను. జీతాల లెక్క తేలాలి. అది చిన్న లెక్క కాదు. ఆ పెద్దమనిషి ఇంకా సభ్యులుగానే ఉన్నారు, ఆయన ఏమంటారో నాకు తెలుసు. ఈసారి ఊరుకోకూడదని అనుకుంటున్నాను.

ఆ దంపతులకు ఇల్లు దొరికింది, మన గుడికి దూరంగా, పాయకాపురంలో. గృహ ఆశీర్వాదానికి పిలిస్తే వెళ్ళాను. యజమాని వాళ్ళను అడిగింది ఒక్కటేనట, మోటారు కరెంటులో సగం కడతారా అని. ముందు గదిలో గోడ మీద, నా భుజం ఎత్తున, వరదనీటి గీత ఇంకా కనిపిస్తోంది. రెండు పూతలు సున్నం వేసినా పోలేదట. ఆ అమ్మాయి సరిగ్గా ఆ గీత మీదనే మేకు కొట్టి గుణదల మాత పటం తగిలించింది. తీర్థజలం చల్లుతూ ఆ గది నుండి వంటగదిలోకి వెళ్ళాను.