మూడు నిజాలు

ఆకివీడు దాటి ఉప్పుటేరు వైపు ఒక పెద్దాయనకి ఎనిమిదెకరాల చేపల చెరువు ఉండేది. తాతలిచ్చింది కాదు, స్వార్జితం. శీలావతి పిల్ల ఎప్పుడు వదలాలో, మబ్బు పట్టిన తెల్లవారుజామున నీళ్ళలో గాలి తగ్గితే ఇంజను ఎప్పుడు వేయాలో ఆయనకి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలీదు. మాట ఇస్తే తప్పడని పేరు కూడా ఉంది.

ఆ పేరే కొంప ముంచింది. ఒకనాడు గట్టు మీద నడుస్తూ పెద్దకొడుకుతో "ఈ చెరువు నీదేరా" అన్నాడు. చిన్నవాడు పరీక్ష తప్పి దిగాలుగా కూర్చుంటే "బెంగపడకు, చెరువులో సగం నీకుంది" అన్నాడు. కూతురు పురిటికొచ్చినప్పుడు మనవరాలిని ఎత్తుకుని "రోడ్డువైపు రెండెకరాలు పసుపు కుంకుమ కింద నీకు రాసేస్తానమ్మా" అన్నాడు. మూడుసార్లూ మనస్ఫూర్తిగానే అన్నాడు. అన్నీ కలిపితే పద్నాలుగెకరాలవుతుందని మాత్రం లెక్క చూసుకోలేదు.

ఆయనకో స్నేహితుడు. వల వేసుకుని బతికేవాడు, అరవై సెంట్ల పొలం, ఒక పెంకుటిల్లు. అతను ఒకరోజు రైలెక్కి భీమవరం వెళ్ళి వీలునామా రాయించుకొచ్చాడు.

"ఏరా, అప్పుడే యముడికి కబురెట్టావా?" అని నవ్వాడు పెద్దాయన.

"నవ్వకు బావా. ప్లీడరుగారు అడిగినవి వింటే నీకూ నవ్వు రాదు. ఇది నువ్వు కొన్నదా, మీ నాన్న నుంచి వచ్చిందా అన్నారు. జిరాయితీయా, డి-పట్టానా అన్నారు. కొల్లేరు అయిదో కాంటూరు లోపలా, బయటా అన్నారు. అన్నీ చెప్పాను. ఆ తర్వాత, 'నీకంటే ముందు నీ కొడుకు పోతే ఎవరికి?' అన్నారు. ఒళ్ళు మండి లేచొచ్చేశాను. గుమ్మం దగ్గర వెనక్కి పిలిచి, 'ఈ మాట మీ ఇంట్లో ఎవరైనా అడగ్గలరా? అందుకే నేనడుగుతున్నా' అన్నారు. కూర్చున్నాను. ఆఖర్న, 'మీ ఆవిడ సంగతేంటి?' అన్నారు. ఆయ్, నాకు నోట మాట రాలేదు. పిల్లలిద్దరికీ చెరిసగం అనుకున్నానే గానీ, నేను పోయాక అది ఏ కోడలి వసారాలో మంచం వేసుకోవాలో అనుకోలేదు. ఇల్లు దాని పేర పెట్టించాను."

"నా పిల్లలు అలాంటోళ్ళు కాదులే" అన్నాడు పెద్దాయన.

నిజమే, వాళ్ళు అలాంటోళ్ళు కాదు. ఈ కథలో చిక్కంతా అక్కడే ఉంది.

శ్రావణంలో పెద్దాయన పోయాడు. పెద్దకర్మ అయిన సాయంత్రం పెద్దకొడుకు చెరువు మాట ఎత్తాడు. చిన్నవాడు తెల్లబోయాడు. "అమ్మా, నాన్న నాతో అనలేదా?" అని ఇద్దరూ తల్లినే అడిగారు. "నీతోనూ అన్నార్రా. వాడితోనూ అన్నారు" అంది. కూతురు నోరు విప్పకముందే, "దీంతో కూడా అన్నారు" అని ఏడ్చింది. ఎవరూ అబద్ధం ఆడలేదు. తగువు మాత్రం మొదలైంది.

ఊరి పెద్దలు కూర్చున్నారు, లేచారు. ఎవరి పేర పద్దు రాయాలో తెలీక మేత వ్యాపారి అప్పు ఆపేశాడు. చేపలు కొనే ఆసామి అడ్వాన్సు ఇవ్వనన్నాడు. ఇంజను వేయడానికి అన్న వెళితే, స్వాధీనం చూపించుకోవడానికే వెళ్ళాడని తమ్ముడన్నాడు. తమ్ముడు వెళితే అన్న అదే మాట అన్నాడు. దాంతో ఇద్దరూ మానేశారు. ఒక ముసురు రోజు తెల్లారేసరికి చెరువులో చేపలన్నీ తేలిపోయాయి.

అప్పుడు కూతురు న్యాయసేవల సంస్థ నంబరు 15100కి ఫోను చేసి, వాళ్ళు చెప్పినచోట అర్జీ పెట్టుకుంది. ఫీజు లేకుండా ఇచ్చిన ప్లీడరు కాగితాలు చూడకముందే "మీ అమ్మగారేరి?" అన్నారు.

"ఆవిడ వాటా అడగట్లేదండి."

"అడక్కపోయినా ఉందమ్మా."

వీలునామా రాయకుండా పోయిన హిందువు స్వార్జితంలో భార్యకీ, కొడుకులకీ, కూతురికీ తలా ఒక సమాన వాటా. అంటే రెండేసి ఎకరాలు. పెద్దాయన ఇచ్చిన మూడు మాటల్లో దేంట్లోనూ ఆవిడ లేదు. లోక్ అదాలత్‌లో నలుగురూ సంతకాలు పెట్టారు. కూతురికి నాన్న అన్నట్టే రెండెకరాలు వచ్చాయి. రోడ్డువైపువి మాత్రం కాదు.

నీతి: పిల్లలు అడగలేని ప్రశ్నని, పెద్దలు బతికుండగా, ఆస్తితో సంబంధం లేని మనిషి చేత అడిగించాలి.

పిల్లలు అడిగితే చావు కోరుకున్నట్టుంటుంది. భార్య అడిగితే అపశకునం. అందుకే ప్లీడరు అసలు పని రాయడం కాదు, అడగడం. రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసేవాళ్ళు చెప్పింది చక్కగానే రాస్తారు. మీరు చెప్పడం మరిచిపోయినదాన్ని అడగాల్సిన బాధ్యత వాళ్ళది కాదు.

వీలునామా మనవాళ్ళు భయపడేంత పెద్ద తతంగం కాదు. స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మేలు. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పవు. రేపు కోర్టుకొచ్చి చెప్పాల్సింది వాళ్ళే కాబట్టి, మీ ఈడు స్నేహితులకంటే వయసులో చిన్నవాళ్ళు నయం. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, పోయేదాకా ఆస్తి మీదే. సెటిల్‌మెంటు దస్తావేజు అలా కాదు, సాధారణంగా రాసిచ్చాక చేయి దాటిపోయినట్టే. అది రాసేవాళ్ళు తమని చూసుకోవాలన్న షరతు అందులో పెట్టించుకోవాలి; మాట తప్పితే తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కింద రద్దు కోరడానికి అదే ఆధారం.

"కట్నం ఇచ్చేశాం, ఇంక వాటా ఏంటి?" అనే మాట ఇప్పటికీ వినపడుతూనే ఉంది. తండ్రి స్వార్జితంలో కూతురి సమాన వాటా 1956 నుంచీ ఉంది. ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతుళ్ళకి వాటా ఇస్తూ ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. 2005లో కేంద్రం పెళ్ళయినవాళ్ళకీ కలిపి దేశమంతటా ఇచ్చింది. ఆ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

లోక్ అదాలత్ తీర్పు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. తగువు తెగుతుందన్న మాట నిజమే గానీ, చదవకుండా సంతకం పెడితే అదే మెడకి చుట్టుకుంటుంది.

ఇక పెద్దకర్మ అయిన కొద్దిరోజులకే చాలా ఇళ్ళల్లో తల్లి ముందుకి ఒక హక్కు విడుదల దస్తావేజు వస్తుంది. "నీకెందుకమ్మా, మేం లేమా" అంటారు. ప్రేమతోనే అంటారు. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్ళకి ఉచిత ప్లీడరుని ఇవ్వడానికి ఆదాయ పరిమితి లేదు. వేలిముద్ర వేసేముందు ఆ కాగితాన్ని ఆవిడ తన ప్లీడరుకి చూపించుకోవచ్చు. అందుకు కొడుకుల అనుమతి అక్కర్లేదు.