సహాధ్యాయి ప్రశ్న, శ్రోత నమ్మకం

తొలి పాడ్‌కాస్ట్ చేయబోయే ఇద్దరు సహాధ్యాయులకు మైకు, ఎడిటింగ్ త్వరగానే పట్టుబడతాయి. తేలనిది ఒక పాత ప్రశ్న: విన్న మాటను ఎప్పుడు నమ్మవచ్చు? రికార్డయిన మాట వెంట చెప్పినవారు వెళ్లరు. సందేహం కలిగిన శ్రోత వారిని ఆపి అడగలేడు. ఖమ్మం దాటి భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల వైపు సాగే అడవి అంచున ఈ ప్రశ్నకు బరువు మరీ ఎక్కువ. అక్కడి కోయల వేల్పుల కథలు, గోత్రాల చరిత్రలు తరతరాలుగా ప్రధానంగా గొంతుల్లోనే నిలిచి ఉన్నాయి.

ఈ ప్రశ్నకు ఒక దారి తర్కశాస్త్ర గ్రంథమైన గౌతముని న్యాయసూత్రాల్లో ఉంది. అవి చర్చను వాదం, జల్పం, వితండ అని మూడు విధాలుగా చెప్పాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలుపే లక్ష్యమైతే జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివారిని ఖండించడమే పనిగా పెట్టుకుంటే వితండ. వాదం ఎవరితో చేయాలో నాలుగో అధ్యాయం చెబుతుంది: శిష్యుడితో, గురువుతో, తోటి విద్యార్థితో, శ్రేయస్సు కోరే పెద్దలతో. వారిలో అసూయ ఉండకూడదన్నది షరతు. గురువు సరసన తోటి విద్యార్థికి చోటివ్వడం ఎంతో ఆలోచించి చేసిన పని. గురువును నిలదీయడానికి నోరు రాదు, సహాధ్యాయి మాత్రం “అది నీకెవరు చెప్పారు?” అని మొహమాటం లేకుండా అడగగలడు.

కోయలు వేల్పుగా కొలిచే సమ్మక్క కథనే తీసుకుంటే, బాగా ప్రచారంలో ఉన్న కథనంలో ఆమె పులుల మధ్య దొరికిన పసిబిడ్డ, పెరిగి కాకతీయ సైన్యంతో పోరాడిన వీరవనిత. సహాధ్యాయులిద్దరిలో ఒకరు పుస్తకంలో చదివి ఇలా చెబితే, కోయ ఇంట పుట్టిన రెండోవారు తమ పెద్దల నోట విన్నది వేరుగా ఉందనవచ్చు. తొలిసారి మాట్లాడేవారు తడబాటు అనుకుని ఎడిటింగ్‌లో కోసేసేది సరిగ్గా ఈ చోటునే. కోయకూడదు. ఆ అభ్యంతరం ఉన్నంతవరకే అది వాదం. అది పోతే మిగిలేది ఇద్దరూ ఒకరికొకరు వంతపాడే కబుర్లు.

ఇక ఎవరి మాట నమ్మవచ్చన్నదానికి, ఆప్తుడు చెప్పిన మాటే శబ్దప్రమాణమని, అంటే నమ్మదగిన మాట అని న్యాయదర్శనం అంటుంది. ఆప్తుడంటే విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలనుకునేవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని భాష్యకారుడు వాత్స్యాయనుడు స్పష్టంగా రాశాడు. చదువు, కులం, హోదా అక్కడ లెక్కలోకి రావు. ఆ కొలతతో చూస్తే, పడిగె అనే గోత్ర జెండా విప్పి గోత్రకథ పాడే కోయల డోలి కళాకారుడు తన కథ విషయంలో ఏ పండితుడికీ తీసిపోని ఆప్తుడు.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య అలాంటివారు. సమ్మక్క సారలమ్మ కథను కోయలోనూ తెలుగులోనూ పాడిన ఆయన 2022లో పద్మశ్రీ అందుకుని, 2024లో కన్నుమూశారు. అలాంటి గొంతు ఆగిపోయాక రికార్డింగు విలువ ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. కానీ వేల్పు పండుగలో, డోలు మోగుతుండగా, గోత్రంవాళ్లంతా కూడినచోట పాడింది బస్సులో ఇయర్‌ఫోన్లతో వింటే ఆరాధన అవుతుందా? కథ తెలియడం ఒకటి, వేల్పును పిలవడం మరొకటి. కథను పంచుకోవచ్చు, పిలుపు ఆ గోత్రానిది. దాన్ని బయటికి పంపాలా వద్దా అన్నది వాళ్లే చెప్పాలి, రికార్డు చేసినవారు కాదు.

కనిపించని శ్రోతతో మాట్లాడటం భద్రాచలం ఉన్న ఈ గోదావరి గట్టుకు కొత్త కాదు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో గోల్కొండ చెరలో ఉండి, జవాబివ్వని రాముణ్ణి కీర్తనల్లో నిలదీశాడు. వ్యాఖ్యాత ఉషశ్రీ ఆకాశవాణి రేడియోలో భద్రాచల రాముని కల్యాణాన్ని కళ్లకు కట్టినప్పుడు విన్నవారెవరూ ఆయనకు కనిపించలేదు. అయితే ఆకాశవాణి మాట వెనుక ఒక సంస్థ ఉంది. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన సీజీనెట్ స్వర అనే వార్తావేదికలో గోండీ మాట్లాడేవారు సైతం ఫోన్లో తమ కబురు చెబితే, దాన్ని పరిశీలించాకే ఇతరులకు వినిపించేవారు. ఇద్దరు విద్యార్థుల పాడ్‌కాస్ట్‌కు అలాంటి కాపలా లేదు. రాసిన మాటను ఎన్నిసార్లు ప్రశ్నించినా ఒకే జవాబు ఇస్తుందని ప్లేటో ‘ఫేడ్రస్’లో సోక్రటీస్ చేత అనిపించాడు, రికార్డయిన గొంతుదీ అదే పరిమితి.

ఆ లోటును కొంతవరకైనా పూడ్చే పద్ధతి ఉంది. కథ చెప్పిన పెద్దాయన దగ్గర రికార్డు చేసుకున్నది విడుదలకు ముందే ఆయనకు, ఆయన భాషలో వివరిస్తూ, మొత్తం వినిపించాలి. వద్దన్న భాగం తీసేయాలి. తప్పుపట్టిన చోట ఆయన గొంతుతోనే సవరణ చేర్చాలి. శ్రోతల నుంచి వచ్చిన అభ్యంతరాలకు తర్వాతి ఎపిసోడ్ మొదట్లోనే, సహాధ్యాయులిద్దరూ కలిసి జవాబు చెప్పాలి.