మూడేళ్ల పాపకి ఏ రామాయణం కొనాలి?

ఈసారి వీడియోలో చెప్పడానికి టైమ్ చాలని విషయం ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

మా మేనకోడలికి మూడేళ్లు నిండాయి. "దానికో మంచి రామాయణం బొమ్మల పుస్తకం చూడరా, తప్పుల్లేనిది" అని అక్క నాకు పని అప్పజెప్పింది. నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తప్పుల్లేనిది అనగానే టెస్టింగ్ మోడ్‌లోకి వెళ్లిపోయా. బుక్ ఫెయిర్‌లో ఒక్కో పుస్తకం తీసి వాల్మీకితో పోల్చడం మొదలుపెట్టా. లక్ష్మణరేఖ ఉందా? వాల్మీకిలో లేదు, పక్కన పెట్టెయ్. వారధి దగ్గర ఉడుత? అదీ లేదు. శబరి పళ్లు కొరికి చూసి ఇచ్చిందా? వాల్మీకి శబరి అడవి పళ్లు ఏరి దాచి ఇస్తుంది, అంతే. అహల్య రాయి అయిందా? మూలంలో ఆవిడ ఎవరికీ కనబడకుండా, బూడిదలో పడుకుని, గాలే ఆహారంగా తపస్సు చేస్తుంది.

మా టీమ్‌లో ఒక క్రిస్టియన్ ఫ్రెండ్ వాళ్ల పాపకి బైబిల్ కథల పుస్తకం వెతుకుతున్నాడు. అతనిదీ ఇదే గోల. ఏదెను తోటలో పండు అనే ఉంది తప్ప ఆపిల్ అని లేదట. యోనాని మింగింది పెద్ద చేప. అయినా ఏ పుస్తకం తెరిచినా ఆపిలూ తిమింగలమే! లంచ్‌లో ఇద్దరం నవ్వుకున్నాం.

చివరికి నా టెస్ట్‌లన్నీ పాసైన పుస్తకం ఒకటి దొరికింది. గర్వంగా ఇంటికి తెచ్చి, ఆ రాత్రే పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివా. శూర్పణఖ పేజీ వచ్చింది. పాప తన చెయ్యి తీసి బొమ్మ పక్కన పెట్టి, "మామయ్యా, ఇది నా చెయ్యిలాగే ఉంది" అంది.

మా పాప చామనఛాయ కంటే కొంచెం నలుపు. ఆ పుస్తకంలో రాముడు, సీత, లక్ష్మణుడు లేత గులాబీ రంగు. రాక్షసులందరూ నలుపు. అంతమందిలో తనలా ఉన్నది ఎవరో అది కరెక్ట్‌గానే పట్టుకుంది. నాకు నోట మాట రాలేదు. "అబ్బే, నువ్వు సీతమ్మవి" అన్నా. అది నమ్మినట్టు కనిపించలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆ ఘట్టమే తీశా. శూర్పణఖ మొదటిసారి రాముణ్ణి చూసినప్పుడు వాల్మీకి ఆయన్ని నల్లకలువలాంటి శ్యామవర్ణుడని అంటాడు. సరిగ్గా అదే పేజీ! సుందరకాండలో నిద్రపోతున్న రావణుణ్ణేమో మినుముల రాశితో పోలుస్తాడు. అంటే రాముడూ నలుపే, రావణుడూ నలుపే. రంగుని బట్టి ఎవరు ఎవరో చెప్పలేం. పైగా సభలో రావణుణ్ణి చూసిన హనుమంతుడు ఆ రూపానికీ ధైర్యానికీ ఆశ్చర్యపోతాడు. ఇతనిలో అధర్మం లేకపోతే దేవలోకాన్ని కూడా కాపాడగలిగేవాడు అనుకుంటాడు. తేడా అంతా ఆ ఒక్క చోటే. రాక్షసకులంలోనే పుట్టిన విభీషణుడు ఈ పుస్తకంలో మాత్రం ఉన్నట్టుండి తెల్లగా ఉన్నాడు. మంచివాడు కదా మరి.

"మూడేళ్ల పిల్లకి ఇంత అవసరమా, కథే కదరా" అంది అక్క. కానీ దానికి చదవడం రాదు. బొమ్మే దానికి మూలగ్రంథం. నేను అక్షరాలన్నీ చెక్ చేసి, పాప చదివే భాగాన్ని వదిలేశా.

నేను పక్కన పెట్టిన ఉడుత గురించి కూడా ఇప్పుడు ఇంకోలా అనిపిస్తోంది. వాల్మీకిలో లేకపోయినా అది మన రంగనాథ రామాయణంలో ఉంది. 13వ శతాబ్దం నుంచి తెలుగువాళ్లు చెప్పుకుంటున్న కథ. చిన్న ప్రాణి చేసిన చిన్న సాయాన్ని రాముడు గుర్తించాడు అంటే రాముడి స్వభావమేమీ మారిపోదు. అలాగే అగ్నిప్రవేశం, యుద్ధంలో నెత్తురు లాంటివి ఈ వయసుకి వదిలేస్తే అది అబద్ధం కాదు, పెద్దయ్యాక చెబుతాం. నల్లగా ఉన్నవాళ్లు చెడ్డవాళ్లు అని వేసిన బొమ్మ మాత్రం అబద్ధమే. అది ఏ రామాయణంలోనూ లేదు.

"సరే, ఏది కొనాలో పేరు చెప్పు" అంటోంది అక్క. పూర్తిగా నచ్చింది నాకింకా దొరకలేదు. అందుకని ఆదివారం గీతల బొమ్మలు ప్రింట్ తీసి పాపకి క్రేయాన్స్ ఇచ్చా. రాముడు ఏ రంగు అని అడిగితే "నీ రంగే" అన్నా. గోధుమరంగు క్రేయాన్ విరిగిపోయేదాకా రుద్దింది. రావణుడికీ అదే వేసింది. హనుమంతుడికి మాత్రం వంకాయ రంగు వేసింది. అది వాల్మీకిలో లేదు గానీ, నేనేమీ అనలేదు.