చేతికందిన జింక – ఎవరూ చూడని పరీక్ష

“బిస్మిల్లాహ్ చెప్పి జిబహ్ చేశాం. జింక హలాల్ జంతువే కదా! ఇక అభ్యంతరం ఏముంది?”

అడవి అంచున ఉన్న గ్రామాల్లో, రహస్యంగా తెచ్చిన దుప్పి మాంసాన్ని విందులో వడ్డిస్తూ చెప్పే మాట ఇది. ఇందులో ఉన్నది సగం ప్రశ్న మాత్రమే. జంతువు హలాలా కాదా అన్నది ఒక సగం. దాన్ని పట్టిన తీరు ఎలాంటిది అన్నది మిగతా సగం.

జింక మాంసం ధర్మసమ్మతమే. వేట కూడా స్వతహాగా నిషిద్ధం కాదు. శిక్షణ పొందిన వేట జంతువులు పట్టి తెచ్చినదాన్ని అల్లాహ్ పేరు స్మరించి తినవచ్చని దివ్య ఖుర్ఆన్ అనుమతించింది (5:4). అయితే అదే అల్ మాయిదా సూరాలోని మొట్టమొదటి ఆయత్‌ను గమనించండి. విశ్వాసులు తమ ఒడంబడికలను నెరవేర్చాలన్న ఆదేశంతో అది మొదలవుతుంది. ఆ ఆయత్‌లోనే, ఇహ్రామ్ స్థితిలో వేటను ధర్మసమ్మతంగా భావించరాదన్న హద్దు కూడా ఉంది. మాట నిలబెట్టుకోవడం, వేటకు దూరంగా ఉండటం పక్కపక్కనే వచ్చాయి.

ఆ సూరాలోనే మరోచోట (5:94), చేతులకు, ఈటెలకు అందేంత దగ్గరగా వచ్చే వేట జంతువులతో అల్లాహ్ విశ్వాసులను పరీక్షిస్తాడని ఉంది. కంటికి కనిపించని తనకు ఎవరు భయపడుతున్నారో తేల్చడానికే ఆ పరీక్ష. హుదైబియా ప్రయాణంలో జంతువులు ముస్లిముల విడిది దాకా వచ్చేవని కొందరు వ్యాఖ్యాతలు రాశారు. జంతువే కనబడని చోట వేట మానుకోవడం పెద్ద విషయమేమీ కాదు. మదీనాను దైవప్రవక్త (స) పవిత్ర ప్రదేశంగా ప్రకటించినందువల్ల, అక్కడ మేస్తున్న జింకలు కనబడినా తాను వాటిని బెదరగొట్టనని హజ్రత్ అబూ హురైరా (రజి) అనేవారు. చంపడం మాట అటుంచి, బెదరగొట్టడం కూడా ఆయనకు ఇష్టం లేదు!

“అవి అల్లాహ్ విధించిన హద్దులు, ఇది ప్రభుత్వం చేసిన చట్టం. రెండూ ఒకటేనా?” అని ఎవరైనా అడగవచ్చు. ఒకటి కావు. అల్లాహ్ హలాల్ చేసినదాన్ని హరామ్ చేసే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదు. కానీ జింకను తినమని షరీఅత్ మనల్ని ఆదేశించలేదు, అనుమతించింది అంతే. అనుమతి ఉన్న పనికి ప్రజల మేలు కోసం పాలకులు హద్దు పెడితే, దాన్ని పాటించడం వల్ల అల్లాహ్ ఆజ్ఞ ఏదీ భంగం కాదు. ఈ దేశ పౌరులుగా ఆ హద్దు మన ఒడంబడికలో భాగమే.

ఆ హద్దు ఏమిటో కూడా చూద్దాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జింకల వేటను నిషేధించింది. ఆ చట్టం దృష్టిలో ఉచ్చు పన్నడం, ఎర పెట్టడం, చంపబోయి విఫలమవడం కూడా వేటే. చట్టవిరుద్ధంగా వేటాడిన జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది. అంటే వండి వడ్డించిన ఆ మాంసం వడ్డించినవాడిది కాదన్నమాట. కృష్ణజింక ఒకటో షెడ్యూలులో ఉంది. 2022 సవరణ ప్రకారం దాన్ని చంపితే 3 నుంచి 7 సంవత్సరాల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. ఇక తుపాకీ సంగతి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేని నాటు తుపాకీ ఇంట్లో ఉండటమే నేరం. పంట రక్షణకని మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఆ చట్టంలో ఉంది. కానీ ఆ కాగితం జింకను చంపడానికి అనుమతి కాదు.

తుపాకీ దెబ్బకే ప్రాణం పోయిన జంతువు సంగతి ఏమిటి? బాణం పదును తగిలి చచ్చినదాన్ని తినవచ్చని, అడ్డంగా తగిలిన దెబ్బకు చచ్చినదాన్ని తినరాదని హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి)కి దైవప్రవక్త (స) బోధించారు. తూటా దెబ్బ ఈ రెండింటిలో దేని కిందికి వస్తుందన్న దానిపై ధర్మవేత్తల్లో భేదాభిప్రాయం ఉంది. ప్రాణం ఉండగా జిబహ్ చేస్తే తప్ప హలాల్ కాదని హనఫీ పండితుల్లో అత్యధికులు అంటారు. తూటా శరీరాన్ని చీల్చుకుని పోతుంది గనుక ఫర్వాలేదని యెమెన్ పండితుడు షౌకానీ వంటివారి అభిప్రాయం. చీకట్లో కాల్చి, టార్చిలైటుతో వెదికి, అరగంట తరువాత దొరికినదాని మెడపై కత్తి ఆడించేవాడు ఏ అభిప్రాయాన్ని పాటిస్తున్నట్లు?

కరెంటు తీగ విషయంలో ఆ భేదాభిప్రాయం కూడా లేదు. షాక్ కొట్టి చచ్చిన జంతువు మురదారే. పైగా రాత్రివేళ పొలానికి వెళ్లిన మనుషులు కూడా అవే తీగలకు బలైపోతున్నారు. “నేను చంపలేదు, తీగ పెట్టానంతే” అనే సోదరులు శనివారపు ప్రజల వృత్తాంతం (7:163) చదవాలి. నిషిద్ధ దినాన చేపలు ఒడ్డు దాకా వచ్చేవి. వారు ముందురోజే వలలు పన్ని, మరుసటి రోజు చేపలు ఏరుకునేవారని వ్యాఖ్యాతలు రాశారు.

ఇక రైతు బాధ నిజమైనది. రాత్రికి రాత్రే మంద పడి చేను మేసిపోతే అతనికి ప్రవచనాలు కడుపు నింపవు. చట్టం కూడా దీన్ని కొంత గుర్తించింది. కొన్ని జంతువులు పైరుకు ప్రమాదకరంగా మారితే వాటిని వేటాడేందుకు అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారికి ఉంది. కృష్ణజింక లాంటి ఒకటో షెడ్యూలు జంతువులకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. పంట నష్టానికి పరిహారం అడగవచ్చు. అది ఆలస్యమవుతుంది, ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది, నిజమే. నష్టపోయిన చేను ఫోటోలు, పట్టాదారు పుస్తకం నకలు జతచేసి దరఖాస్తు రాయాలి. చదువు రాని రైతుకు, అతను ఏ మతస్థుడైనా సరే, ఆ దరఖాస్తు రాసిపెట్టడం జుమా నమాజు తరువాత మస్జిద్ వరండాలో పది నిమిషాల పని.