రూపము లేని కాసు



మార్కు సువార్త 12వ అధ్యాయములో రెండు చోట్ల నాణెములు కనబడుచున్నవి. మొదటిది వెండి దేనారము. మన ప్రభువు దానిని తెప్పించి, దానిమీది రూపము ఎవరిదని అడిగెను. అది కైసరుది. రెండవది, అధ్యాయము చివర బీద విధవరాలు కానుకపెట్టెలో వేసిన రెండు కాసులు. వాటిమీది రూపమును గూర్చి ఎవరును అడుగలేదు. ఎందుకో ధ్యానించుదము.

రోమా రాజ్యములో దేనారము ఒక దినపు కూలి. అయితే పేదల చేతులలో ఎక్కువగా తిరిగినవి ఇత్తడి, రాగి, కంచు నాణెములే. ఒక దేనారమునకు 4 ఇత్తడి సెస్టెర్షియస్‌లు, లేక 16 రాగి ఆస్‌లు, లేక 64 క్వాడ్రన్స్‌లు. విధవరాలి రెండు కాసులు కలిపితే ఒక్క క్వాడ్రన్స్. అనగా ఒక దినపు కూలిలో 64వ వంతు!

పెద్ద ఇత్తడి నాణెములమీద చక్రవర్తులు తమ ముఖమును, బిరుదులను గొప్పగా ముద్రించుకొనిరి. కాలిగులా చక్రవర్తియు అట్లే చేసెను. క్రీ.శ. 41లో అతడు చంపబడెను. రెండేండ్లకు, 43లో, అతని ముఖమున్న కంచు నాణెములన్నిటిని కరిగించుడని రోమా సెనేటు ఆజ్ఞాపించెనని చరిత్రకారుడైన డియో కాసియస్ వ్రాసెను. దేవుడనని చెప్పుకొనిన వాని ముఖము కొలిమి పాలాయెను.

అదే కాలిగులా క్వాడ్రన్స్‌మీద అతని ముఖము లేదు. ఒక టోపీ బొమ్మ మాత్రమే ఉన్నది. అంత చిన్న నాణెము రాజు ముఖమునకు తగదు కాబోలు! యూదయలో చెలామణియైన చిన్న కంచు కాసులమీదను మనుష్యరూపము లేదు. లంగరు, నక్షత్రము వంటి గురుతులే ఉండెను. విధవరాలి కాసులు అటువంటివే అయియుండును. కాసుమీద ఎవరి రూపమును లేదు గాని, దానిని వేసిన చేతిమీద దేవుని స్వరూపమున్నది. ప్రభువు చూచినది ఆ చేతినే.

ప్రియులారా, ఒక తప్పు ఒప్పుకొనవలెను. గడచిన కోత పండుగలో పెద్ద కానుకలిచ్చినవారి పేర్లు మేము వేదికమీద చదివితిమి. మిగిలినదంతా "చిల్లర" అని ఒక్క మాటతో ముగించితిమి. వెనుక చాపమీద కూర్చున్న ఒక వృద్ధురాలు తల దించుకొనెను. ఆ దినమున మేము కైసరు లెక్క చదివితిమే గాని ప్రభువు లెక్క చదువలేదు.

పని వెదకుకొనుచు పరాయి రాష్ట్రమునకు వచ్చిన మన పెద్దలు ఏమి తెచ్చిరి? వారి తల్లులు వంటకు ముందు ప్రక్కన తీసిన గుప్పెడు బియ్యముతోను, ఆ చిల్లరతోను మన మందిరములు లేచినవి. ఆ చేతుల పేర్లు ఏ రాతిమీదను లేవు. అయినను ప్రభువు కానుకపెట్టె యెదుట ఇంకను కూర్చుండియున్నాడు. ఈ ఆదివారము కానుక వేయునప్పుడు మన పేరు చదువుదురా అని కాక, మనము ఎవరి రూపమును మోయుచున్నామో అని తలంచుదము.

అట్టి కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.