వెడల్పుగా చూడటం



ఆమధ్య హిమాయత్‌నగర్‌లో ఒక కుటుంబంవారు కొత్త ఫ్లాటును ఆశీర్వదించమని పిలిస్తే వెళ్ళాను. ప్రార్థన ముగిసి, కాఫీ వచ్చేలోగా హాలు గోడకున్న ఒక ఫోటో మీద నా చూపు నిలిచిపోయింది. ఎత్తు జానెడు, పొడవు రెండు జానలకు పైమాటే. పొద్దుటి మంచులో అరకు కొండలు, వాటి నడుమ మలుపు తిరుగుతున్న గూడ్సు బండి. ఇంజను నుండి చివరి పెట్టె దాకా మొత్తం బండి అందులో ఉంది.

"ఇంత వెడల్పు ఎలా వచ్చింది బాబూ?" అని ఇంటి యజమానిని అడిగాను. అతడు బీరువాలోంచి రష్యాలో తయారైన హొరైజాన్ కెమెరా తెచ్చి చూపించాడు. రీలు వేసే కెమెరా. మన కెమెరాల్లో కటకం కదలదు. ఇందులో ఫిల్ము విల్లులా వంగి ఉంటుంది, కటకం ఒక పక్కనుండి మరొక పక్కకు తిరుగుతూ 120 డిగ్రీల దృశ్యాన్ని సన్నని చీలిక గుండా ఫిల్ము మీద పరుస్తుంది. మామూలుగా 36 ఫోటోలు వచ్చే రీలులో ఇందులో 20కి కాస్త అటూ ఇటూగానే వస్తాయి. అందుకని ఒక్క ఫోటో కోసం కొండ మీద గంటలు గంటలు కూర్చునేవాడట.

కొత్తవలస నుండి కిరండూల్ వెళ్ళే ఆ రైలుమార్గం 1960వ దశకంలో వేసినది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడం కోసం, ఆ దేశపు సహకారంతోనే వేశారు. యాభైకి పైగా సొరంగాలు దాటుతూ, శిమిలిగూడ దగ్గర సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. 2017లో ఈ దారిలో అద్దాల పెట్టె కూడా వచ్చింది. బొర్రా గుహలకు వెళ్ళే మనం అందులో కూర్చుని లోయలు చూసి ముచ్చటపడతాం.

"ఎడమ అంచున చూడండి, ఫాదర్‌గారూ" అన్నాడతను. చూశాను. నలుగురు గ్యాంగ్‌మన్‌లు పనిముట్లు చేతబట్టుకుని, బండికి దారి ఇచ్చి, పట్టాల పక్కన నిలబడి ఉన్నారు. వానాకాలంలో కొండచరియలు విరిగిపడే మార్గమది. బండి నడుస్తున్నదంటే వాళ్ళ చలవే. మామూలు కెమెరా అయితే రైలు పడేది, వాళ్ళు పడేవారు కారు.

మరి వెడల్పుగా చూస్తే చాలునా? సత్యం దొరికినట్టేనా? అతడు మరో రెండు ఫోటోలు తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ ఒకే చోట, కటకాన్ని నెమ్మదిగా తిప్పి తీసినవి. ఒకదానిలో ఖనిజం నింపుకుని దిగుతున్న గూడ్సు, మరొకదానిలో ఖాళీగా ఎక్కుతున్న గూడ్సు. మొదటిది సాగదీసినట్టు పొడవుగా ఉంది, రెండవది కుదించినట్టు పొట్టిగా ఉంది. కటకం తిరిగే వైపే కదిలేది సాగుతుందట, ఎదురు వచ్చేది కుంచించుకుపోతుందట.

నాకు ఒళ్ళు జలదరించింది. మన చూపూ అంతే కదా! మనతోపాటు నడిచేవాడు మనకు ఉన్నదానికంటే పెద్దగా కనబడతాడు. మనకు ఎదురు వచ్చేవాడు చిన్నవాడైపోతాడు. తప్పు బండిలో లేదు, చూపు తిరిగిన తీరులో ఉంది.

మేజర్ సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసువారి ఉపమానం ఒకటి నేర్చుకున్నాం. దారిన నడిచేవాడికి తన వెనుక వచ్చేవారు కనబడరు. ఎత్తయిన చోటినుండి చూసేవాడికి దారి పొడుగునా నడిచేవారంతా ఒక్కసారే కనబడతారు. దేవుని చూపు అటువంటిది. మనం దారిలో ఉన్నవాళ్ళం. ఆ పొడవాటి ఫోటో కూడా ఒక్క క్షణంలో పడింది కాదు. దాని ఎడమ అంచు ఒక క్షణానిది, కుడి అంచు మరొక క్షణానిది. మనిషికి వెడల్పు చూపు తిరగడం వల్లనే, ఆగి ఓపిక పట్టడం వల్లనే దొరుకుతుంది.

ఒక మాట దాచకుండా చెబుతాను. 1998లో నేనొక పట్టణ విచారణలో సహాయ గురువుగా ఉండేవాణ్ణి. పాటల బృందంలోని ఒక కుర్రవాడు సాయంకాలం సాధనకు రావడం మానేశాడు. కారణం అడగలేదు. ఒక ఆదివారం అందరి ముందూ కోప్పడి బృందంలోంచి తీసేశాను. తండ్రి మంచం పట్టాడనీ, వాడు సాయంత్రాలు ఒక ఫోటో స్టూడియోలో రీళ్ళు కడిగి ఇంటికి బియ్యం తెస్తున్నాడనీ ఏడాది తరువాత తెలిసింది. అప్పటికి వాళ్ళు ఊరు విడిచి వెళ్ళిపోయారు. ఆ కుర్రవాడే ఈ ఫోటోలు తీసినవాడు. ఆ రోజు నేను క్షమాపణ అడిగితే, "అప్పుడు మీకు కనబడింది అంతే కదండీ" అని కాఫీ అందించాడు. ఆ మాట నన్ను ఓదార్చలేదు. నాకు కనబడింది అంతే కాదు, నేను చూసింది అంతే.

అయితే అసలు తీర్పే చెప్పకూడదా అని మీరు అడగవచ్చు. తల్లిదండ్రులు పిల్లల్ని దిద్దాలి, ఉపాధ్యాయుడు మార్కులు వేయాలి, పెద్దలు తగవు తీర్చాలి. తీర్పు తప్పదు. చేసిన పని తప్పయితే తప్పనే చెప్పాలి. కానీ మనిషి ఎటువంటివాడో తేల్చేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. అంచున ఎవరు నిలబడి ఉన్నారు? ఇతడు చిన్నగా కనబడుతున్నది నాకు ఎదురు వచ్చినందుకేనా?

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లో ఎవరి మీదనో ఒక మాట అనబోతారు. అల్లుడు కావచ్చు, కోడలు కావచ్చు, ఆలస్యంగా వచ్చిన పిల్లవాడు కావచ్చు. ఆ మాట అనేముందు, "ఏమైంది నాన్నా?" అని ఒక్కసారి అడగండి. ఆ రోజు నేను అడగనిది అదే.