రానున్నవాడును, చేయవలసినవారును

కాలము చెడినదను మాట పుట్టినప్పుడెల్ల మన యిండ్లలో దాని వెనుకనే మఱియొక మాట పుట్టును: "ఎవరో యొకడు వచ్చి అన్నియు చక్కజేయకపోడు." పెద్దవారు కల్క్యవతారమందురు, కొందఱు కాలజ్ఞానమును దలచి వీరభోగవసంతరాయలు వచ్చుననుచుందురు, చదువుకొన్న యువకులు గొప్ప నాయకుడొకడు కావలయునందురు. పేళ్లు వేఱైనను ఆశ యొక్కటియే. ఈ యాశ మనుష్యుని ధర్మమునకు దోడుపడునా, అడ్డుపడునా యని విచారించుటయే యిచట మా యుద్దేశము.

ఈ ప్రశ్నను బహుకాలము, బహుకష్టముల నడుమ, విమర్శించిన జాతి యూదులు. వారు ఎదురుచూచు పురుషునకు మెస్సీయ యని పేరు. హీబ్రూ భాషలో ఆ పదమునకు అభిషిక్తుడని యర్థము. పూర్వము వారు తమ రాజులను, ప్రధానయాజకులను తైలముతో అభిషేకించుచుండిరి. మన పట్టాభిషేకశబ్దము వలెనే అదియు మొదట అధికారమును దెలుపు మాటయే కాని దైవత్వమును దెలుపునది కాదు. యెషయా గ్రంథమున పారసీక చక్రవర్తి కోరెషునకు సయితము ఈ బిరుదమీయబడినది. అతడు యూదుడు కాడు; బబులోను చెఱ నుండి యూదులను స్వదేశమునకు బోనిచ్చిన పరరాజు. సంప్రదాయము ననుసరించి మెస్సీయ దేవుడు కాడు, దేవుని యవతారమును కాడు. దావీదు వంశమున బుట్టవలసిన మనుష్యుడు. రామకృష్ణుల కథలు వినుచు బెరిగిన మనకు ఈ భేదము గమనింపదగినది.

ఇది దూరదేశపు వార్త మాత్రమే కాదు. గుంటూరు జిల్లాలో చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున బెనె ఎఫ్రాయిమను పేర కొన్ని తెలుగు కుటుంబములు, తాము ఇశ్రాయేలు గోత్రములలో ఎఫ్రాయిము గోత్రము వారమని చెప్పుకొనుచు, యూదాచారములను పాటించుచున్నవి. చెదరిన గోత్రములు మరల కూడుననుట మెస్సీయకాలపు టాశలలో నొకటి. ఊరి వెలుపల నుంచబడిన మాదిగ కుటుంబములు ఆ యాశయందు తమకు గౌరవము గల చోటొకటి కనుగొనెననిన ఆశ్చర్యపడనేల?

పండ్రెండవ శతాబ్దమున మైమోనిడీసు (1138–1204) అను వైద్యుడు, ధర్మశాస్త్రవేత్త, ఈ విషయమున నొక యొరగల్లు నేర్పఱచెను. మెస్సీయ అద్భుతములు చూపనక్కఱలేదు, చచ్చినవారిని లేపనక్కఱలేదు, అతని కాలమునను లోకము తన స్వభావము ననుసరించియే నడచును. ప్రజలను ధర్మమార్గమున నడిపి వారికొఱకు పోరాడు రాజు వచ్చినచో, మెస్సీయ కావచ్చునని తలంపవచ్చును. దేవాలయమును మరల గట్టి, చెదరినవారిని గూర్చినచో, నిశ్చయింపవచ్చును. అట్లు చేయలేకపోయినను, చంపబడినను, అతడు కాడని తెలియవలయును. ఇందులకు ఆయన చూపిన దృష్టాంతము బార్ కోఖ్బా. 132లో రోమకులపై తిరుగబడిన యా వీరుని అకీబా యంతటి పండితుడు మెస్సీయ యని నమ్మెను. 135లో వీరుడు హతుడయ్యెను; నమ్మకము తప్పని తేలెను. అయినను యూదులలో అకీబా గౌరవము తగ్గలేదు. పొరపడుట దోషము కాదనియు, పొరపాటు తేలిన పిమ్మట విడువకుండుటయే దోషమనియు మేము దీనినుండి గ్రహించితిమి.

ఇపుడు మన సీమ వృత్తాంతమొకటి చూతము. నేటి పార్వతీపురము మన్యము జిల్లాలోని పాచిపెంట ప్రాంతమున, కొఱ్ఱవానివలసలో, కొఱ్ఱా మల్లయ్య యను కొండదొర తెగవాడుండెను. 1900లో అతనికి పూనకము కలిగెనని విని నాలుగైదువేల జనము చేరిరి. తాను పంచపాండవులలో నొకని యవతారమనియు, తన పసిబిడ్డ శ్రీకృష్ణుడనియు, ఇంగ్లీషువారిని వెడలగొట్టి తానే రాజ్యమేలుదుననియు అతడు ప్రకటించెను. వెదురుకఱ్ఱలు తుపాకులగును, సర్కారు ఆయుధములు నీరగును అని చెప్పెను. జనులు వెదుళ్లు నఱికి తుపాకుల రూపమున జెక్కి కవాతు చేసిరి. మే 1వ తేదీన విచారింపవచ్చిన యిద్దఱు కానిస్టేబులులను కొట్టి చంపిరి. 7వ తేదీ తెల్లవాఱుజామున పోలీసులు విడిదిపై బడి కాల్చగా పదునొకండుగురు మడిసిరి. మల్లయ్య జెయిలులో మరణించెను, ఇద్దఱు ఉరితీయబడిరి, కృష్ణుడనబడిన యా పసివాడును చనిపోయెను.

ఒరగల్లుపై గీచినచో మల్లయ్య నిలువడు. కాని మేము నవ్వజాలము. ఈ కథను మనకు జెప్పునది 1907లో వెలువడిన సర్కారువారి గెజెటీరు. అది తుపాకులు గలవారు వ్రాసిన చరిత్ర. చేత మఱియొక సాధనము గలవాడు వెదురును తుపాకి యనుకొనడు. కొండవారి యజ్ఞానమే కారణమందుమా, 1665లో స్మిర్నా పట్టణపు షబ్బతై జెవి మెస్సీయగా ప్రకటింపబడినపుడు ఐరోపాఖండపు వర్తకులు, పండితులు సయితము వెఱ్ఱియెత్తిపోయిరి. 1666లో సుల్తాను నెదుట అతడు ఇస్లామును స్వీకరించెను. విద్య యొక్కటియే యీ జ్వరమునకు మందు కాదు.

అట్లయిన ఆశనే విడువవలయునా? 1885లో అమెరికాలోని పిట్స్‌బర్గున సమావేశమైన సంస్కరణవాద యూదగురువులు, సత్యము, న్యాయము, శాంతి నెలకొను కాలమునే మెస్సీయకాలముగా నెంచిరి. ఇది మాకు నచ్చిన మాటయే. అయినను ఊరక కూర్చుండువాడు పురుషుని కొఱకు ఎదురుచూచినట్లే కాలము కొఱకును ఎదురుచూడగలడు. కావున దోషము పురుషునియందు లేదు, ఆశయందును లేదు. మన పనిని రానున్నవాని నెత్తిన బెట్టుటయందున్నది. పీడితునకు ఆశ ప్రాణము. దానిని లాగుకొను హక్కు మనకు లేదు. పీడింపబడని మనకు మాత్రమది తఱచుగా తలగడ యగుచున్నది.

మా తప్పొకటి చెప్పక తీరదు. కొన్నియేండ్ల క్రిందట మా తరగతిలోని పదునైదేండ్ల పిల్లకు పెండ్లి నిశ్చయించిరి. ఆమె తల్లి మా యింటికి వచ్చి, "మాస్టారూ, మీరొక్క మాట చెప్తే ఆయన వింటారండి" యని కన్నీరు పెట్టుకొనెను. "కాలమే మారుతుందమ్మా, ఓపిక పట్టండి" యని మేము పంపివేసితిమి. కాలము మారకముందే ముహూర్తము వచ్చెను. మఱునాటి నుండి తరగతిలో ఆ పిల్ల కూర్చుండు చోటు ఖాళీగా నుండెను. మల్లయ్య వెదురునైనను చేతబట్టెను; మేము చాలునన్న మాటను సయితము నోటబట్టలేదు.

మొదటి శతాబ్దపు యోహనాన్ బెన్ జక్కై యను యూదగురువు చెప్పిన బోధ యొకటి కలదు. నీవు మొక్క నాటుచుండగా మెస్సీయ వచ్చెనని యెవరైన కేక వేసినచో, ముందు మొక్కను నాటి, పిదప అతని నెదుర్కొన బొమ్మని దాని భావము. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిన వీరేశలింగముగారు కల్కి కొఱకు కనిపెట్టుకొని యుండలేదు.

రానున్నవాడు రానిండు. వచ్చినవాడు మొదట మన చేతులు చూచి, మన్నంటినదా లేదా యని యడుగును. ఈ మాఱు తల్లి యెవతెయైన మా గుమ్మము ద్రొక్కినచో, ఉత్తరీయము వేసికొని ఆమె వెంట నడచుటకు మేము నిశ్చయించుకొన్నాము.